నాలుగు నెలలుగా నెలసరి లేదు, పిల్లలు కావాలి: మాత్ర ముందా, పరీక్ష ముందా?

పద్మ_ఏఎన్‌ఎం
పెళ్ళయి ఏడాది, రెండేళ్ళయిన ఆడపిల్లలు సబ్‌సెంటర్‌కి వచ్చి అడిగే మాట ఒకటే: "అక్కా, మూణ్ణాలుగు నెలలుగా డేట్ రాలేదు, టెస్ట్ చేస్తే ఒక్క గీతే పడుతోంది, నెలసరి వచ్చే మాత్ర ఏదైనా చెప్పు." కొందరు అప్పటికే మందుల షాపులో కొనుక్కుని వేసేసుకుని ఉంటారు. పెద్దాసుపత్రికి వెళ్ళమంటే ఏం పట్టుకెళ్ళాలి, నెలసరే లేనప్పుడు ఏ రోజున వెళ్ళాలి, అన్ని రక్తపరీక్షలు ఎందుకు అని అడుగుతారు. తెలిసినవాళ్ళు విడమరిచి రాయండి. లెక్క కోసం ఒక మనిషిని అనుకుందాం: వయసు 28, ముందు నెలనెలా వచ్చేది, ఇప్పుడు 4 నెలలుగా లేదు.

డా_వెన్నెల
నెలనెలా వచ్చేవాళ్ళకి 3 నెలలు ఆగినా, మొదటినుంచీ అటూ ఇటూగా వచ్చేవాళ్ళకి 6 నెలలు ఆగినా కారణం వెతకాలి. "ఏడాది ప్రయత్నించాక రండి, 35 దాటితే 6 నెలలకి రండి" అనేది నెలసరి సక్రమంగా ఉన్నవాళ్ళకి చెప్పే మాట. నెలసరే లేని మనిషికి ఆ గడువు పెట్టకూడదు. అండం విడుదల కానప్పుడు ఏడాది ఎదురుచూసినా ఒరిగేదేమీ లేదు. 35 రోజులు దాటి దాటి వస్తూ ఏడాది మొత్తంలో 8 సార్ల లోపే వస్తున్నా ఇదే వర్తిస్తుంది.

ఇక మాత్ర సంగతి. డెవిరీ, ప్రిమోలట్-ఎన్ లాంటివి ప్రొజెస్టెరాన్ జాతి మందులు. 5 నుంచి 10 రోజులు వేసుకుని ఆపితే గర్భసంచి లోపలి పొర ఊడి రక్తం వస్తుంది. అది చూడ్డానికి నెలసరిలాగే ఉంటుంది కానీ అండం విడుదలై వచ్చింది కాదు. అలా నాలుగుసార్లు రప్పించుకుంటే నెలలకి నెలలు గడిచిపోతాయి, అసలు కారణం అక్కడే కూర్చుని ఉంటుంది. నా మాట: పరీక్షలు ముందు, మాత్ర తర్వాత.

మందుల_బీరువా
మేడమ్, షాపుకి వచ్చే చీటీల్లో మొదటిరోజే డెవిరీ 10 మిల్లీగ్రాములు ఉంటోంది కదా. మరి డాక్టర్లే అలా రాస్తుంటే జనం తప్పేముంది?

డా_వెన్నెల
రాయడంలో తప్పు లేదండీ, వరుసే ముఖ్యం. ఆ మాత్రకి రెండు న్యాయమైన పనులున్నాయి. ఒకటి, నెలల తరబడి పొర ఊడకపోతే మందమై చెడు మార్పులు వచ్చే ప్రమాదం ఉంటుంది, అందుకని కనీసం 3 నెలలకోసారి ఊడగొట్టాలి. రెండు, రక్తం వచ్చిందా లేదా అన్నదే ఒక పరీక్ష. వస్తే ఒంట్లో ఈస్ట్రోజెన్ ఉన్నట్టు, దారి తెరిచి ఉన్నట్టు. ఆపిన రెండు వారాల దాకా చుక్క కూడా రాకపోతే ఈస్ట్రోజెన్ బాగా తక్కువగానైనా ఉండాలి, గర్భసంచి లోపల అతుకులైనా ఉండాలి. ఆ ఫలితం ఎవరూ రాసిపెట్టుకోరు! మాత్ర మొదలుపెట్టిన తేదీ, ఆపిన తేదీ, రక్తం కనబడిన తేదీ, ఎన్నిరోజులు, ఎన్ని ప్యాడ్లు... ఈ ఐదు ముక్కలు కాగితం మీద ఉంటే డాక్టరుకి సగం పని తగ్గుతుంది.

కానీ ఆ మాత్ర కంటే ముందు గర్భం లేదని తేలాలి. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు.

నమూనా_గొట్టం
ఆ ముక్క నేను చెప్తా. ఇంటి టెస్ట్ పొద్దున్నే మొదటి మూత్రంతో చేయాలి, కిట్ మీద రాసిన సమయానికే (సాధారణంగా 5 నిమిషాలు) చూడాలి. గంట తర్వాత తేలిన నీడలాంటి గీతని లెక్కపెట్టకూడదు. నెలసరి సక్రమంగా లేనివాళ్ళకి "డేట్ తప్పింది" అనే గుర్తే ఉండదు కాబట్టి, చివరిసారి కలిసిన రోజునుంచి 3 వారాలు గడిచాక చేసిన టెస్ట్ నెగటివ్ అయితేనే నమ్మాలి. అనుమానముంటే రక్తంలో బీటా హెచ్‌సీజీ (గర్భం నిలిస్తే పెరిగే హార్మోన్) చూడాలి. 5 యూనిట్ల లోపు ఉంటే గర్భం లేనట్టు.

టెస్ట్ పాజిటివ్ వచ్చి, పొత్తికడుపులో ఒకపక్క నొప్పి, కొద్దికొద్దిగా రక్తం, కళ్ళు తిరగడం ఉంటే ఓపీ కోసం ఆగకూడదు. గర్భం ట్యూబులో నిలిచి ఉండొచ్చు, ఆ పూటే వెళ్ళాలి.

కొత్తసభ్యురాలు
ఒకవేళ తెలియక గర్భం ఉండగా డెవిరీ వేసుకుంటే? తీయించుకోవాలా?

డా_వెన్నెల
అక్కర్లేదమ్మా. మాత్ర ఆపేసి, ఏది, ఎన్ని వేసుకున్నారో డాక్టరుకి చెప్పాలి. ఆ ఒక్క కారణంతో గర్భం తీయించుకోవాల్సిన పని లేదు. ఆ భయంతోనే కొందరు మంచి గర్భాన్ని పోగొట్టుకుంటారు.

నమూనా_గొట్టం
నెలసరే లేనప్పుడు ఏ రోజున రక్తం ఇవ్వాలి అని పద్మగారు అడిగారు. ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ (అండాశయాన్ని నడిపించే మెదడు హార్మోన్లు), ఎస్ట్రడయాల్ (రక్తంలో కొలిచే ఈస్ట్రోజెన్) మామూలుగా నెలసరి 2 నుంచి 4వ రోజు లోపు తీస్తాం. రానివాళ్ళు మాత్ర వేసుకుని మరీ ఆ రోజు కోసం కాచుక్కూర్చోనక్కర్లేదు, ఏ రోజైనా ఇవ్వొచ్చు. దానితోపాటు ప్రొజెస్టెరాన్ కూడా చూస్తే, అండం విడుదలైపోయిన రోజుల్లో తీశామా అన్నది తెలిసిపోతుంది. ల్యాబ్ ఫారం మీద "చివరి నెలసరి: ఫలానా తేదీ, 4 నెలలుగా లేదు" అని రాయించండి. ఖాళీగా వదిలేస్తే రిపోర్ట్ చదివేవాళ్ళకి ఆ అంకెలు గుడ్డివే.

ప్రొలాక్టిన్‌కి (పాలు పడేలా చేసే హార్మోన్) మాత్రం పట్టింపులున్నాయి. నిద్రలో అది పెరుగుతుంది, కాబట్టి లేచిన 2, 3 గంటల తర్వాత, పరగడుపున, ల్యాబ్‌కి వచ్చాక ఓ పావుగంట కుదురుగా కూర్చుని ఇవ్వాలి. బస్సు దిగి మెట్లెక్కి రొప్పుతూ వచ్చి చెయ్యి చాపితే పెరిగినట్టే చూపిస్తుంది. ఆ ఉదయం రొమ్ము పరీక్ష జరిగినా పెరుగుతుంది. 25 నానోగ్రాముల దాకా మామూలు. 30, 40 వస్తే కంగారుపడకుండా ఇంకోరోజు మళ్ళీ ఇవ్వండి. ఇంకో తిరకాసు: కొన్ని ల్యాబులు వేరే కొలమానంలో ఇస్తాయి. ఒకచోట 24, మరోచోట 510 కనబడితే పెరిగిందని ఏడవకండి. 1 నానోగ్రాము అంటే దాదాపు 21 మిల్లీయూనిట్లు, రెండూ ఒకటే.

జుట్టు ఊడుతోందని బయోటిన్ మాత్రలు వేసుకునేవాళ్ళు రక్తం ఇవ్వడానికి కనీసం 2, 3 రోజుల ముందు ఆపాలి. కొన్ని యంత్రాల మీద అది టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), ప్రొలాక్టిన్, ఎఫ్‌ఎస్‌హెచ్, చివరికి హెచ్‌సీజీని కూడా తక్కువగా చూపిస్తుంది. పీసీఓఎస్ (నెలసరి తప్పించే అండాశయాల హార్మోన్ సమస్య) ఉన్నవాళ్ళకి జుట్టు ఊడటం మామూలే కనుక ఆ మాత్రలు వాడేవాళ్ళూ వాళ్ళలో ఎక్కువే. ఎవరూ చెప్పరు, మేమే అడగాలి.

పద్మ_ఏఎన్‌ఎం
మొదటిసారి రాసే పరీక్షల పట్టీ మొత్తం ఏది?

పిట్యూటరీ_మామయ్య
మొదటి వరసలో బీటా హెచ్‌సీజీ, టీఎస్‌హెచ్, ప్రొలాక్టిన్, ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, ఎస్ట్రడయాల్, ఒక స్కాన్. గడ్డం మీద, పొట్ట కింద దట్టంగా వెంట్రుకలు, మొటిమలు ఉంటే టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్), 17 హైడ్రాక్సీ ప్రొజెస్టెరాన్. ఈ రెండోది ఉదయాన్నే తీయాలి. దాంతో పట్టుకునేది కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథి లోపం, అది పీసీఓఎస్ వేషంలో వస్తుంది, తల్లి నుంచి, తండ్రి నుంచి చెరొక లోపపు జన్యువు అందితేనే బయటపడుతుంది. మేనరికాలు ఉన్న ఇళ్ళలో దీన్ని మరింత గుర్తుపెట్టుకోవాలి. గొంతు బొంగురుపోవడం, కొన్ని నెలల్లోనే విపరీతంగా వెంట్రుకలు రావడం ఉంటే వాయిదా వేయకండి, అది కణితి లక్షణం కావచ్చు.

వరుస కూడా ముఖ్యమే. ప్రొలాక్టిన్ పెరిగితే ముందు టీఎస్‌హెచ్ చూడాలి. థైరాయిడ్ బాగా మందగిస్తే ప్రొలాక్టిన్ దానంతటదే పెరుగుతుంది, థైరాయిడ్ మాత్రతోనే రెండూ దారికొస్తాయి. దాన్ని చూడకుండా నేరుగా మెదడు స్కాన్ చేయించడం డబ్బు దండగ.

ఆ తర్వాత అడగాల్సింది గ్యాస్ మాత్ర గురించి. నవ్వకండి. పొద్దున పరగడుపున వేసుకునే గ్యాస్ క్యాప్సూల్లో చాలావాటిల్లో రెండు మందులుంటాయి. రాబెప్రజోల్, పాంటాప్రజోల్‌తో ఇబ్బంది లేదు. పక్కన డోంపెరిడోన్ గానీ లెవోసల్పిరైడ్ గానీ ఉంటే అవి ప్రొలాక్టిన్‌ని పెంచుతాయి, నెలసరి ఆగుతుంది, ఒక్కోసారి పాలు కూడా వస్తాయి. మానసిక సమస్యలకి వాడే రిస్పెరిడోన్, అమిసల్‌ప్రైడ్ కూడా అంతే, కానీ అవి రాసిన డాక్టరుని అడగకుండా ఆపకూడదు.

మందుల_బీరువా
ఇది నూటికి నూరుపాళ్ళు నిజం. స్ట్రిప్పు ముందువైపు పెద్దక్షరాల్లో ఉండే పేరు చూసి జనం "గ్యాస్ బిళ్ళే కదా" అంటారు. వెనకవైపు చిన్నక్షరాలు చదవాలి. పేరు చివర డి, డీఎస్‌ఆర్, ఎల్, ఎల్‌ఎస్‌ఆర్ లాంటి తోకలు ఉంటే రెండో మందు ఉందని అనుమానించొచ్చు. డాక్టరు దగ్గరికి ఖాళీ స్ట్రిప్పులన్నీ ఒక కవరులో వేసుకుపోండి, పేరు గుర్తుపెట్టుకోవాల్సిన బాధ ఉండదు.

పిట్యూటరీ_మామయ్య
మందులూ కావు, థైరాయిడూ కాదు, గర్భమూ లేదు, అయినా ప్రొలాక్టిన్ పైనే ఉంటే అప్పుడు పిట్యూటరీ (మెదడు అడుగున, ప్రొలాక్టిన్ తయారయ్యే గ్రంథి) ఎమ్మారై. 100 దాటితే చిన్న గడ్డ ఉండే అవకాశం గట్టిగా ఉంటుంది. ఎడతెగని తలనొప్పి, చూపు పక్కలకి ఆనకపోవడం ఉంటే అంకె కోసం ఆగనక్కర్లేదు. గడ్డ అనగానే ఆపరేషన్ అనుకోకండి. చాలావరకు కేబర్‌గోలిన్ మాత్రతోనే లొంగుతుంది. వారానికి 0.25 మిల్లీగ్రాములు రెండుసార్లు, రాత్రి భోజనం తర్వాత. ఖాళీ కడుపున వేసుకుంటే వికారం, లేవగానే కళ్ళు తిరగడం. ఈ మాత్ర పనిచేయడం మొదలయ్యాక తొలి నెలసరి కంటే ముందే అండం విడుదల కావచ్చు. అంటే నెలసరి రాకుండానే గర్భం నిలవొచ్చు. మాత్ర వాడుతున్నన్నాళ్ళూ రెండు మూడు వారాలకోసారి టెస్ట్ చేసుకుంటూ ఉండాలి. పాజిటివ్ రాగానే డాక్టరుకి ఫోన్ చేయాలి, చిన్న గడ్డకైతే సాధారణంగా అక్కడితో ఆపించేస్తారు.

చీకటిగది
స్కాన్ గురించి. పొట్ట మీదనుంచి చేసే స్కాన్‌కి మూత్రాశయం నిండుగా ఉండాలి, లోపలినుంచి చేసేదానికి ఖాళీగా ఉండాలి. పెళ్ళయినవాళ్ళకి రెండోదే స్పష్టంగా కనిపిస్తుంది. సిగ్గుపడి పొట్ట మీదనుంచే చాలంటారు, అప్పుడు అండాశయంలో గింజలు, అంటే ఫాలికిల్స్ (అండం పెరిగే చిన్న సంచులు) లెక్కపెట్టడం కుదరదు.

రిపోర్ట్‌లో చూసుకోవాల్సినవి మూడు: పొర మందం, ఒక్కో అండాశయం పరిమాణం, ఫాలికిల్స్ సంఖ్య. పొర 3 మిల్లీమీటర్లే ఉంటే ఈస్ట్రోజెన్ అందడం లేదని అర్థం. 10, 12 ఉంటే ఉంది కానీ ఊడలేదని. మంచి ప్రోబ్‌తో చూసినప్పుడు ఒక అండాశయంలో 20 లేదా అంతకంటే ఎక్కువ ఫాలికిల్స్ ఉన్నా, పరిమాణం 10 మిల్లీలీటర్లు లేదా ఆపైన ఉన్నా పాలీసిస్టిక్ అంటాం. జనం "నీటిబుడగలు" అంటారు. అవి బుడగలూ కావు, గడ్డలూ కావు, ఎదుగుదల మధ్యలో ఆగిన అండపు సంచులు. కోసి తీయాల్సినవి కావు.

ఒక్క స్కాన్ చూసి పీసీఓఎస్ ముద్ర వేయకూడదు, ఆ మాట నేనే చెప్తున్నా. 2003 నాటి రాటర్‌డ్యామ్ లెక్క ప్రకారం మూడింట్లో రెండు ఉండాలి: నెలసరి తప్పడం, మగ హార్మోన్ ఎక్కువైన లక్షణాలు లేదా రక్తంలో రుజువు, స్కాన్. 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు పెద్దవాళ్ళలో స్కాన్‌కి బదులు ఏఎంహెచ్ (ఫాలికిల్స్ నుంచి వచ్చే హార్మోన్) రక్తపరీక్షని కూడా ఒప్పుకున్నాయి. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ నిష్పత్తి చూసి తేల్చే పద్ధతి పాతబడింది.

సందేహాల_రావు
నెలసరి రావట్లేదు, స్కాన్‌లో బుడగలున్నాయి. మూడింట్లో రెండు అయిపోయాయి కదండీ. ఇంకేం వెతకాలి?

చీకటిగది
అక్కడే ఉచ్చు ఉంది రావుగారూ. థైరాయిడ్, ప్రొలాక్టిన్, అడ్రినల్ కారణాలు లేవని తేలాకే ఆ రెండూ లెక్కలోకొస్తాయి. తిండి తగ్గించేసి, గంటలకొద్దీ వ్యాయామం చేసి నెలసరి ఆగిన సన్నటి అమ్మాయి అండాశయాలు కూడా స్కాన్‌లో కొంచెం అలాగే కనబడతాయి. ఆమెకి పీసీఓఎస్ అని చెప్పి "ఇంకో 5 కిలోలు తగ్గు" అంటే ఏమవుతుంది?

పప్పుచారు
ఏమవుతుందంటే నెలసరి పూర్తిగా మరుగున పడుతుంది. తేడా పట్టుకోవడానికి: ఈ అమ్మాయిల్లో ఎల్‌హెచ్ తక్కువ, ఎస్ట్రడయాల్ 50 పికోగ్రాముల లోపు, పొర పలచన, మొటిమలూ వెంట్రుకలూ ఉండవు. పీసీఓఎస్‌లో ఈస్ట్రోజెన్ ఉంటుంది, పొర మందంగా ఉంటుంది.

కారణం మెదడులోని హైపోథలామస్. ఒంటికి అందే శక్తి చాలనప్పుడు ముందుగా కట్టేసే దుకాణం సంతానోత్పత్తిదే. లెక్క ఇలా వేస్తాం: కొవ్వు మినహా ఒంటి బరువు కిలోకి రోజుకి 45 కేలరీలు అందాలి, 30కి దిగితే హార్మోన్లు దెబ్బతింటాయి. 48 కిలోల మనిషిలో కొవ్వు పోను 38 కిలోలు అనుకుంటే 1,710 కేలరీలు కావాలి, 1,140 దగ్గర ప్రమాదం. వ్యాయామంలో ఖర్చయ్యేది దీనికి అదనం. పొద్దున గ్రీన్ టీ, మధ్యాహ్నం కప్పు అన్నం, రాత్రి రెండు పుల్కాలు, మధ్యలో గంటన్నర జిమ్ అంటే 1,140 కూడా అందదు. బరువు మామూలుగానే ఉన్నా ఇది రావొచ్చు, ఈమధ్య ఎంత వేగంగా తగ్గారన్నది అడగాలి.

158 సెంటీమీటర్ల మనిషికి బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువు చూసే లెక్క) 18.5 అంటే 46 కిలోలు. అంతకంటే తక్కువుంటే అండం విడుదలకి మందులివ్వడం కంటే బరువు పెంచడం ముందు. గర్భం నిలిచినా నెలలు నిండకుండా కాన్పు, బరువు తక్కువ బిడ్డ అనే ప్రమాదాలున్నాయి. రోజుకి 300, 400 కేలరీలు పెంచడం పెద్ద విద్యేం కాదు: అన్నంలో రెండు చెంచాల నెయ్యి, గుప్పెడు వేరుశెనగలు, ఒక గ్లాసు పాలు. నెలసరి తిరిగి రావడానికి నెలలు పడుతుంది, ఓపిక పట్టాలి. అప్పటిదాకా పరుగులు, హెచ్‌ఐఐటీ (ఆగి ఆగి తీవ్రంగా చేసే వ్యాయామం) ఆపి నడకతో సరిపెట్టాలి.

పీసీఓఎస్‌తో బరువెక్కువున్నవాళ్ళ సంగతి వేరు. అక్కడ 5 నుంచి 10 శాతం తగ్గితేనే చాలామందికి నెలసరి దానంతటదే వస్తుంది. 72 కిలోలుంటే మూడున్నర నుంచి ఏడు కిలోలు. 50కి దిగాలని ఎవరూ అనలేదు.

కొత్తసభ్యురాలు
నువ్వుల చిమ్మిలి, బొప్పాయి తింటే వేడి చేసి వస్తుందంటారు కదా?

పప్పుచారు
చిమ్మిలి బంగారంలాంటి తిండి, ఇనుము, కాల్షియం, కొవ్వు అన్నీ ఉంటాయి, హాయిగా తినండి. అండాన్ని విడుదల చేయించే శక్తి మాత్రం దానికీ లేదు, బొప్పాయికీ లేదు.

పద్మ_ఏఎన్‌ఎం
అంతర (గర్భం రాకుండా వేసే) ఇంజెక్షన్ వాడి మానేసినవాళ్ళు కూడా ఇదే అడుగుతారు. అది ఫీల్డులో మేం వేసేదే కాబట్టి నేనే చెప్తా: ఒక్కో డోసు 3 నెలలకి. ఆపాక గర్భధారణ శక్తి తిరిగి రావడానికి చివరి డోసు నుంచి సగటున 7 నుంచి 10 నెలలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. ఏడాదిలో బిడ్డ కావాలనుకునేవాళ్ళకి ముందే ఈ సంగతి చెప్పి వేరే పద్ధతి సూచించాలి. మాల-ఎన్ లాంటి గర్భనిరోధక మాత్రలకి ఈ ఆలస్యం లేదు, మానేసిన 3 నెలల్లో రాకపోతే మాత్రల మీద నెపం వేయకుండా పరీక్షలకి వెళ్ళాలి.

డా_వెన్నెల
బాగా గుర్తుచేశారు. ఇక మాత్ర వేసినా చుక్క రాని వాళ్ళ గురించి. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ రెండూ వరసగా ఇచ్చి చూసినా రాకపోతే, హార్మోన్ అంకెలన్నీ మామూలుగానే ఉంటే, లోపం గర్భసంచిలో ఉంది. ఇక్కడ పాత చరిత్ర కీలకం. అబార్షన్ తర్వాతో, కాన్పు తర్వాత మాయ ముక్క మిగిలిపోయో "క్లీనింగ్" చేశారా? ఆ తర్వాతనుంచే నెలసరి తగ్గుతూ వచ్చి ఆగిందా? నెలనెలా అదే రోజుల్లో కడుపునొప్పి వచ్చి రక్తం మాత్రం రావట్లేదా? అయితే లోపల గోడలు అతుక్కుని ఉండొచ్చు. హిస్టెరోస్కోపీతో (గర్భసంచిలోకి సన్నటి కెమెరా పంపి) చూసి అక్కడికక్కడే విడదీస్తారు.

మన దేశంలో రెండో అనుమానం క్షయ. జననాంగాల క్షయకి దగ్గూ జ్వరం ఉండాలని లేదు, పిల్లలు కలగకపోవడమే మొదటి లక్షణం కావచ్చు. లోపలి పొర ముక్క తీసి ఒకటి పాథాలజీకి ఫార్మలిన్‌లో, ఇంకొకటి క్షయ పరీక్షకి సెలైన్‌లో పంపాలి. రెండూ ఫార్మలిన్‌లో వేస్తే కల్చర్ (క్రిములని పెంచి చూసే పరీక్ష) పెరగదు. ఇది థియేటర్లో తరచూ జరిగే పొరపాటు, ముందే గుర్తుచేయండి. ఒక్క పీసీఆర్ (క్రిమి జన్యువుని వెతికే పరీక్ష) పాజిటివ్ చూసి మందులు మొదలుపెట్టడం కూడా సరికాదు, మిగతా ఆధారాలు కలవాలి. నిర్ధారణ అయితే 6 నెలల మందులు ప్రభుత్వ క్షయ కార్యక్రమంలో ఉచితంగా ఇస్తారు.

పిట్యూటరీ_మామయ్య
కాన్పు అన్నారు కాబట్టి ఒకటి. కాన్పులో విపరీతంగా రక్తం పోయి, తర్వాత పాలు పడక, నెలసరి తిరిగి రాక, ఎప్పుడూ నీరసంగా ఉండే తల్లి రెండో బిడ్డ కోసం వస్తే షీహాన్ సిండ్రోమ్ అనుకోవాలి. రక్తం అందక పిట్యూటరీ దెబ్బతింటుంది. వీళ్ళకి టీఎస్‌హెచ్ ఒక్కటే చూస్తే మామూలుగా వచ్చి మోసం చేస్తుంది, ఫ్రీ టీ4 (థైరాయిడ్ హార్మోన్), పొద్దుట 8 గంటల కార్టిసాల్ (అడ్రినల్ హార్మోన్) తప్పనిసరి. కార్టిసాల్ తక్కువుంటే ముందు స్టెరాయిడ్, ఆ తర్వాతే థైరాయిడ్ మాత్ర. తిరగేస్తే ప్రాణం మీదికొస్తుంది. ఆ కాన్పు డిశ్చార్జ్ కాగితం, ఎన్ని సీసాల రక్తం ఎక్కించారన్నది పట్టుకెళ్ళాలి.

కొత్తసభ్యురాలు
ఎఫ్‌ఎస్‌హెచ్ ఎక్కువొస్తే ఇక పిల్లలు పుట్టరనేనా?

డా_వెన్నెల
40 ఏళ్ళలోపు నెలసరి ఆగి, ఎఫ్‌ఎస్‌హెచ్ 25 దాటి, అనుమానముంటే 4 వారాల తర్వాత మళ్ళీ చూసినా దాటి, ఈస్ట్రోజెన్ తక్కువుంటే అండాశయాలు ముందే అలసిపోయాయంటాం. అప్పుడు క్రోమోజోముల పరీక్ష, ఫ్రజైల్ ఎక్స్ జన్యు పరీక్ష, థైరాయిడ్, అడ్రినల్ యాంటీబాడీలు చూడాలి. అండాశయాలు అప్పుడప్పుడు మేల్కొంటాయి, నూటికి ఐదుగురికి దాకా సహజంగా గర్భం వస్తుంది. ఎక్కువమందికి దాత అండంతో ఐవీఎఫ్ దారి. 2021 సంతాన సాఫల్య చికిత్సల చట్టం ప్రకారం ఆ చికిత్స తీసుకునే ఆడవాళ్ళ వయసు 21 నుంచి 50 మధ్య ఉండాలి, దాత జీవితంలో ఒక్కసారే అండాలివ్వాలి. పిల్లల సంగతి ఎలా ఉన్నా ఎముకలకి, గుండెకి హార్మోన్లు అందించాలి, అది వదిలేయకండి.

సందేహాల_రావు
అన్నీ ఆవిడకేనా పరీక్షలు? ఆయనకి ఎప్పుడు?

నమూనా_గొట్టం
మొదటిరోజే. వీర్యపరీక్ష చవక, నొప్పి లేదు. అది చేయించకుండా ఆరు నెలలు ఆవిడకి మాత్రలు మింగించడం అన్యాయం. 2 నుంచి 7 రోజులు దూరంగా ఉండి, ల్యాబ్‌లోనే ఇవ్వడం మేలు. ఇంటినుంచి తెస్తే గంటలోపు, ఒంటికి ఆనించుకుని వెచ్చగా తేవాలి. మామూలు కండోమ్‌లో పట్టకూడదు, అందులోని పూత కణాల్ని చంపుతుంది. 2021 డబ్ల్యూహెచ్‌ఓ కింది హద్దులు: 1.4 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకి 1 కోటి 60 లక్షలు, కదలిక 42 శాతం, సరైన ఆకారం 4 శాతం. ఆ 4 చూసి గుండెలు బాదుకుంటారు, అది మామూలే. ఒకటి తేడాగా వస్తే కొన్ని వారాల తర్వాత రెండోసారి.

మందుల_బీరువా
పీసీఓఎస్ తేలాక అండం విడుదలకి రాసే లెట్రజోల్ గురించి కూడా చెప్పాలి. డబ్బాలోని కాగితం చదివి "ఇది రొమ్ము క్యాన్సర్ మందు" అని తిరిగిచ్చేసేవాళ్ళున్నారు. నిజమే, దాని అసలు వాడకం అదే. సంతానం కోసం వాడకాన్ని మన కేంద్ర ప్రభుత్వం 2011లో నిషేధించింది, 2017లో ఆ నిషేధం ఎత్తేసింది. పాత వార్తలు ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతున్నాయి.

డా_వెన్నెల
ఈరోజు పీసీఓఎస్‌లో అండం విడుదలకి మొదట ఎంచుకునేది అదే. 2014లో ప్రచురితమైన 750 మంది అధ్యయనంలో లెట్రజోల్ వాడినవాళ్ళలో 27.5 శాతం మందికి, క్లోమిఫీన్ (అదే పనికి వాడే పాత మందు) వాడినవాళ్ళలో 19.1 శాతం మందికి బిడ్డలు పుట్టారు. 2.5 మిల్లీగ్రాములు, రోజుకొకటి, 5 రోజులు. నెలసరి 2వ లేదా 3వ రోజు మొదలుపెడతాం. అండం రాకపోతే తర్వాతి నెల 5, ఆపై 7.5. గర్భం లేదని తేలితే, ముందు డెవిరీతో రక్తం రప్పించకుండానే మొదలుపెట్టొచ్చు, అందరికీ ఆ మెట్టు అక్కర్లేదు. ఈస్ట్రోజెన్ అడుగంటినవాళ్ళకి మాత్రం, అంటే పప్పుచారుగారు చెప్పిన సన్నటి అమ్మాయిలకి, ఇది సాధారణంగా పనిచేయదు.

10, 11వ రోజునుంచి ఫాలిక్యులర్ స్కాన్లు. ఫాలికిల్ 18, 20 మిల్లీమీటర్లు, పొర 7 దాటితే అదను. హెచ్‌సీజీ ఇంజెక్షన్ ఇస్తే దాదాపు 36 గంటలకి విడుదల. మూడు నాలుగు ఫాలికిల్స్ ఒకేసారి పెద్దవైతే ఆ నెల కలవొద్దంటాం, కవలలు కాదు, ముగ్గురు నలుగురు పడే భయం.

విడుదలైందా అన్న ప్రొజెస్టెరాన్ పరీక్షని "21వ రోజు" అని గుడ్డిగా రాయించుకోకండి. అది 28 రోజులవాళ్ళ లెక్క. విడుదలైన 7 రోజులకి తీయాలి. 3 నానోగ్రాములు దాటితే విడుదలైనట్టు. అండం విడుదల రోజుని ఇంట్లో చూసుకునే ఎల్‌హెచ్ కిట్లు కూడా పీసీఓఎస్‌లో నమ్మకం తక్కువ, ఎల్‌హెచ్ ఎప్పుడూ ఎక్కువే ఉంటే రోజూ రెండు గీతలే.

పద్మ_ఏఎన్‌ఎం
మొదటి రోజునుంచే ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టిస్తున్నాం. 5 మిల్లీగ్రాములా, 400 మైక్రోగ్రాములా?

పిట్యూటరీ_మామయ్య
మామూలువాళ్ళకి 400 మైక్రోగ్రాములు చాలు. షుగరు, మూర్ఛ మందులు, ముందు బిడ్డకి వెన్నెముక లోపం ఉన్నవాళ్ళకి 5 మిల్లీగ్రాములు. పీసీఓఎస్ ఉంటే గర్భానికి ముందే 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష చేయించండి, ఒక్క పరగడుపు షుగరుతో తేలదు. థైరాయిడ్ మాత్ర వాడేవాళ్ళు టీఎస్‌హెచ్ 2.5 లోపు ఉంచుకోవాలి. కాఫీకి అరగంట, గంట ముందు వేసుకోవాలి, ఐరన్, కాల్షియంకి 4 గంటల ఎడం. టెస్ట్ పాజిటివ్ రాగానే వారానికి రెండు మాత్రలు అదనం అని ముందే డాక్టరుతో మాట్లాడిపెట్టుకుంటే మంచిది.

పద్మ_ఏఎన్‌ఎం
అయితే నేను పంపేటప్పుడు చేతికిచ్చే చీటీ ఇదీ: ఏడాది నెలసరి తేదీలు, ఇంటి టెస్ట్ చేసిన తేదీ, మందుల ఖాళీ స్ట్రిప్పులు, పాత స్కాన్లు, కాన్పు, అబార్షన్ కాగితాలు, ఏడాదిలో బరువు మార్పు, పాలు, తలనొప్పి, ఒంట్లో ఆవిర్లు ఉన్నాయా లేదా, తల్లికీ అక్కలకీ 40 లోపు నెలసరి ఆగిందా. భర్తని వెంటబెట్టుకు వెళ్ళమని కింద ఎర్ర సిరాతో. హైదరాబాద్ వైపువాళ్ళకి పేట్లబుర్జు, సుల్తాన్‌బజార్, విశాఖ వైపువాళ్ళకి ఘోషాసుపత్రి రాస్తా, మిగతావాళ్ళకి జిల్లా ఆసుపత్రి.

డా_వెన్నెల
"వాసన తెలుస్తుందా" అని కూడా చేర్చండి. అసలు మొదటినుంచీ నెలసరి రానివాళ్ళలో అది పెద్ద ఆధారం.

కొత్తసభ్యురాలు
చివరిగా ఒకటి. హెచ్‌సీజీ ఇంజెక్షన్ చేయించుకున్న వారానికే ఇంట్లో టెస్ట్ పాజిటివ్ వస్తే?

నమూనా_గొట్టం
అది ఇంజెక్షనే మాట్లాడుతోంది. 10,000 యూనిట్లు ఒంట్లోంచి పోవడానికి 10 నుంచి 14 రోజులు పట్టొచ్చు. 15వ రోజు దాటాక చేయండి, లేదా రక్తపరీక్ష రెండు రోజుల తేడాతో రెండుసార్లు ఇవ్వండి. రెండో అంకె పెరిగితే గర్భం, తగ్గితే ఇంజెక్షన్ మిగులు.